తలసేమియాతో బతుకు: ధైర్యం మాత్ర వేయిస్తుందా, మాత్ర ధైర్యం ఇస్తుందా?

క్లుప్తంగా: తలసేమియా మేజర్ ఉన్నవారికి జీవితాంతం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతోపాటు ఒంట్లో చేరే ఐరన్‌ను రోజూ మందు వేసి బయటికి పంపాలి. ఈ రెండూ సరిగ్గా సాగే చోట ఈ జబ్బు ఉన్నవారు యాభై ఏళ్లు దాటి బతుకుతున్నారు. మనోధైర్యం ఐరన్‌ను కరిగించదు, కానీ మాత్ర మానకుండా వేసుకునేలా చేస్తుంది. ఆ ధైర్యం నిలవాలంటే మాత్రం తేదీకి రక్తం దొరకాలి.

ఏటా ఎండాకాలం రాగానే తలసేమియా వార్తల్లోకి వస్తుంది. మే 8 ప్రపంచ తలసేమియా దినం కావడం ఒక కారణం. రెండోది, ఆ రోజుల్లోనే కాలేజీలకు సెలవులిస్తారు, రక్తదాన శిబిరాలు తగ్గుతాయి, బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు పడిపోతాయి. దాంతో రెండు రకాల కథనాలు పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ఒకటి రక్తం దొరక్క చిన్నారులు పడే అవస్థ. ఇంకొకటి తలసేమియాను చిరునవ్వుతో జయించిన యువతి కథ. మొదటిది చదివిన తల్లిదండ్రులకు బిడ్డ దక్కదేమోనని గుండె జారుతుంది. రెండోది చదివిన చుట్టాలు 'నవ్వుతూ ఉంటే చాలట' అని సలహా మోసుకొస్తారు. జబ్బు రోజువారీగా ఎలా నడుస్తుంది, అందులో మనసు చేసే పనెంత అన్నది ఈ రెండు కథనాల్లోనూ ఉండదు.

లోపం ఎక్కడుంది

హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అనే రెండు రకాల గొలుసులు జంటగా ఉండాలి. బీటా తలసేమియా మేజర్‌లో బీటా గొలుసు తయారే కాదు, లేదంటే చాలా తక్కువగా తయారవుతుంది. జత దొరకని ఆల్ఫా గొలుసులు కణంలోనే పేరుకుపోయి, ఎర్ర రక్తకణం ఎముక మజ్జ దాటి బయటికి రాకముందే చనిపోతుంది. ఒంటికి రక్తం చాలడం లేదని మజ్జ ఇంకా ఇంకా పనిచేస్తుంది, ఉబ్బుతుంది. సరిగ్గా రక్తం ఎక్కించని పిల్లల్లో నుదురు, దవడ ఎముకలు పెరిగి ముఖం తీరు మారేది అందుకే. ప్లీహం పెరిగి పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది.

పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌కు బీటా గొలుసుతో పని లేదు. అది తగ్గిపోయే కొద్దీ, అంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, బిడ్డ పాలిపోవడం, పాలు సరిగ్గా తాగకపోవడం, ఎదుగుదల ఆగడం మొదలవుతాయి.

అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు 1925లో ఈ జబ్బును మొదట వర్ణించారు. ఆ పిల్లలు ఎక్కువగా ఇటలీ, గ్రీసు నుంచి వలస వెళ్లిన కుటుంబాల వారు కావడంతో, తర్వాత దీనికి గ్రీకు భాషలో సముద్రమని అర్థమిచ్చే 'తలస్సా' నుంచి పేరు పెట్టారు. నిజానికి దీని సంబంధం సముద్రంతో కాదు, మలేరియాతో. ఈ జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉండటం వల్ల మలేరియా ప్రాంతాల్లో అది తరతరాలుగా నిలిచిపోయింది. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు క్యారియర్లని, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటే ఉన్నవారని, ఏటా పది వేలకు పైగా పిల్లలు మేజర్‌తో పుడుతున్నారని అంచనా. సింధీ, పంజాబీ, గుజరాతీ, బెంగాలీ కుటుంబాల్లో ఎక్కువన్న పేరుంది గానీ తెలుగు కుటుంబాల్లోనూ ఉంది. మేనరికాల్లో ఒకే తాతమ్మ నుంచి వచ్చిన జన్యువు భార్యాభర్తలిద్దరికీ అందే అవకాశం పెరుగుతుంది.

ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. నలుగురిలో ఒకరికి అన్న మాటను 'మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి ఇక మిగతా ముగ్గురికీ రాదు' అని అర్థం చేసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ లెక్క ప్రతి గర్భానికీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇరవై ఒక్క రోజుల ఆటుపోట్లు

రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య ఉండేలా చూడాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. ఎక్కించాక 13, 14కు చేరుతుంది. అక్కడి నుంచి వారానికి దాదాపు ఒక గ్రాము చొప్పున దిగుతుంది. ఈ దిగుడే ఆ మనిషి నెలవారీ బతుకును నడిపిస్తుంది.

ఇంట్లో వాళ్లు రిపోర్టు చూడకుండానే దీన్ని పసిగడతారు. మొదటి వారం పిల్లవాడు మెట్లు రెండేసి ఎక్కుతాడు. రెండో వారం మామూలుగా ఉంటాడు. మూడో వారం చివర బడి నుంచి రాగానే బ్యాగు పడేసి పడుకుంటాడు, హోంవర్క్ అంటే చిరాకు పడతాడు, తల నొప్పంటాడు. 'వీడికి బ్లడ్ టైమ్ అయింది' అని తల్లి అనేది అప్పుడే. ఆ చిరాకుకు క్రమశిక్షణతో గానీ సానుకూల దృక్పథంతో గానీ సంబంధం లేదు. మెదడుకు, కండరాలకు అందే ఆక్సిజన్ తగ్గితే ఎవరైనా అలాగే ఉంటారు.

కాబట్టి ఒకే మనిషి 14 దగ్గర ఒకలా, 9 దగ్గర ఒకలా కనిపించడం సహజం. రక్తం కొరత ఉన్న చోట 6, 7కు పడ్డాక గానీ ఎక్కించరు. అలాంటి చోట పిల్లవాడి మామూలు స్థితే మరొకచోటి పిల్లవాడి అత్యంత నీరసమైన రోజు కన్నా కింద ఉంటుంది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒకరు హుషారు, ఇంకొకరు నిరాశావాది అనడంలో అర్థం లేదు.

మనసు దిగులుగా ఉండటానికి ఇంకో శారీరక కారణం కూడా ఉండొచ్చు. ఐరన్ చేరి థైరాయిడ్, పిట్యూటరీ గ్రంథులు దెబ్బతింటే ఆ హార్మోన్ల లోపం వల్లే నిస్సత్తువ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఈడు రావడంలో ఆలస్యం కనిపిస్తాయి. పదహారేళ్ల పిల్ల గది దాటి బయటికి రావడం లేదంటే కౌన్సెలింగ్‌తో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాల్సి ఉంటుంది.

కనిపించని బాకీ

ఒక యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మామూలుగా మనిషి శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఐరన్‌ను మాత్రమే బయటికి పంపగలదు. ఎక్కువైంది కదా అని ఎక్కువ పంపే ఏర్పాటు శరీరంలో లేదు. మూడు వారాలకు రెండు యూనిట్లు ఎక్కించుకునే మనిషికి ఏడాదిలో ఏడెనిమిది గ్రాముల ఐరన్ చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడి ఒంట్లో మొత్తం కలిపి ఉండేది నాలుగు గ్రాములే. అంటే ఒక్క సంవత్సరంలోనే దాదాపు ఇంకో ఇద్దరు మనుషుల ఐరన్ వచ్చి కూర్చుంటుంది. అది కాలేయంలో, గుండెలో, క్లోమంలో, గ్రంథుల్లో చేరుతుంది. కాలేయం గట్టిపడటం, షుగర్ రావడం, గుండె బలహీనపడటం ఆ తర్వాతి కథ.

ఈ ఐరన్‌ను పట్టి బయటికి లాగే మందుల చరిత్ర చూస్తే మందు ఉండటం ఒకటి, దాన్ని వేసుకోగలగడం మరొకటి అని తెలుస్తుంది. 1960ల్లో డెస్‌ఫెరాల్ వచ్చింది. 1970ల చివరి నుంచి దాన్ని పొట్ట చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో రాత్రంతా ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, వారానికి ఐదారు రాత్రులు ఎక్కించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. మందు బాగా పనిచేసింది. కానీ టీనేజీ పిల్లలు సూది పీకేసేవారు, పంపు ఆపేసేవారు. తర్వాత నోటి మాత్రలు వచ్చాయి. డెఫెరిప్రోన్‌కు 1990ల మధ్యలో అనుమతి ఇచ్చిన తొలి దేశాల్లో మనది ఒకటి. డెఫెరాసిరాక్స్‌కు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది.

మాత్ర అనగానే సులువనిపిస్తుంది. నీళ్లలో కలిపే రకం డెఫెరాసిరాక్స్ సంగతే చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే పరగడుపున గ్లాసు నీళ్లలో మాత్రలు వేసి, అవి పిండిలా విడిపోయేదాకా కలపాలి. సుద్ద కలిపిన నీళ్లలా ఉంటుంది. తాగేశాక అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది, దానిలో మళ్లీ కొంచెం నీళ్లు పోసి అది కూడా తాగాలి. అరగంట ఆగి టిఫిన్. ఏడున్నరకు బడి బస్సు వచ్చే ఇంట్లో ఆ అరగంట ఎక్కడి నుంచి తేవాలి? కడుపులో వికారం, విరేచనాలు సరేసరి. కిడ్నీ మీద ప్రభావం చూసేందుకు క్రియాటినిన్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. డెఫెరిప్రోన్ వాడేవారిలో కొందరికి తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి కాబట్టి జ్వరం వస్తే మందు ఆపి వెంటనే రక్త పరీక్ష చేయించుకోవాలి.

అసలు చిక్కు రుచి కాదు. రక్తం ఎక్కించుకోవడం వారం ఆలస్యమైతే ఒళ్లే చెబుతుంది. మాత్ర మానేస్తే ఈ రోజు ఏమీ కాదు. రేపూ కాదు. పైగా వికారం తగ్గి హాయిగా కూడా ఉంటుంది. నష్టం పదేళ్ల తర్వాత గుండెలో కనిపిస్తుంది. వడ్డీ పెరుగుతున్నా అప్పులవాడు తలుపు తట్టని బాకీ ఇది. ఒక కష్టానికి ఫలితం వెంటనే తెలిసి, ఇంకో కష్టానికి ఫలితం పదేళ్లకు గానీ తెలియకపోతే మనిషి రెండోదాన్ని వాయిదా వేస్తాడు. పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య ఈ వాయిదా ఎక్కువ. తల్లి గ్లాసు చేతికిచ్చే వయసు దాటి, తన గ్లాసు తానే కలుపుకోవాల్సిన వయసు అది.

అందుకే 'నీకింకా నలభై ఏళ్లుంది' అన్న నమ్మకం ఇక్కడ వైద్యంలో భాగమవుతుంది. ఈ పిల్లలు ఇరవై దాటరని పూర్వం చెప్పిన మాట ఇప్పటికీ ఇళ్లలో తిరుగుతోంది. ఇరవైకే పోతాననుకున్నవాడికి ముప్పై ఐదో ఏట గుండెను కాపాడే మాత్ర ఎందుకు? ఆ పాత మాట నిజమవడానికి ఆ మాటే కొంత కారణం.

నిజం ఏమిటంటే లెక్కలు మారిపోయాయి. గుండెలో ఐరన్ ఎంత చేరిందో ఎంఆర్ఐతో కొలిచే టీ2 స్టార్ పద్ధతి లండన్ నుంచి ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది. అప్పటిదాకా ఒంట్లో ఐరన్ నిల్వను సూచించే ఫెరిటిన్ అనే రక్త పరీక్ష చూసి ఊహించేవారు. కొందరిలో ఫెరిటిన్ బాగానే ఉన్నా గుండెలో ఐరన్ నిండి ఉండేది. ముందే పట్టుకోవడం, మాత్రలు అందుబాటులోకి రావడం కలిసి బ్రిటన్‌లో ఐరన్ కారణంగా సంభవించే మరణాల రేటు 2000 తర్వాత కొన్నేళ్లలోనే సుమారు 70 శాతం తగ్గింది. ఇటలీ, సైప్రస్, గ్రీసుల్లో తలసేమియా మేజర్ ఉన్నవారు ఉద్యోగాలు చేసి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, నడివయసు దాటుతున్నారు.

మరో చిన్న విషయం, అనవసరమైన టెన్షన్‌కు సంబంధించింది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. ఒక్క రిపోర్టులో 1,800 ఉన్నది 2,600 కాగానే ఇల్లంతా కుంగిపోతుంది. డాక్టర్లు చూసేది ఏడాది పొడవునా అది ఎటు పోతోందన్నది. మూడు నెలలకోసారి వచ్చే అంకెలను ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకున్న కుటుంబాలు ఒక్కో రిపోర్టుకు ఒక్కోసారి బెదిరిపోవు.

పాజిటివ్‌గా ఉంటే జబ్బు తగ్గుతుందా

సంతోషంగా ఉంటే రోగం దానంతటదే తగ్గుతుందన్న నమ్మకాన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనాలున్నాయి. అమెరికాలో జేమ్స్ కోయిన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం తల, మెడ క్యాన్సర్ ఉన్న వెయ్యి మందికి పైగా రోగుల్ని పరిశీలించింది. మానసికంగా బాగున్నవారు ఎక్కువ కాలం బతికిన దాఖలా అందులో కనిపించలేదు. అది క్యాన్సర్ సంగతి, చికిత్స పద్ధతి వేరు. అయినా తలసేమియాకు కూడా వర్తించే హెచ్చరిక అందులో ఉంది. మనసు నేరుగా కణాన్ని మార్చదు. మనిషి చేసే పనిని మార్చి, ఆ పని ద్వారా ఒంటిని మారుస్తుంది. తలసేమియాలో ఆ పని రోజూ పొద్దున గ్లాసులో కలుపుకునే మందు.

ఈ తేడా పట్టించుకోకపోతే నష్టం ఉంది. 'ధైర్యంగా ఉండాలమ్మా' అన్న మాట వినీ వినీ, తనకు భయమేస్తోందని చెప్పడమే తప్పన్నట్టు పిల్లలు నేర్చుకుంటారు. ఫెరిటిన్ పెరిగితే 'నేను సరిగ్గా పాజిటివ్‌గా లేను' అనుకునే స్థితి వస్తుంది. నిజానికి ఆ నెల మందుల షాపులో స్టాకు లేకపోయి ఉండొచ్చు.

రెండో వైపు కూడా చూడాలి. గ్యారీ ఆల్‌బ్రెక్ట్, పాట్రిక్ డెవ్లీగర్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక వింత వైరుధ్యాన్ని గుర్తించారు. తీవ్రమైన వైకల్యాలతో బతుకుతున్నవారిలో సగానికి పైగా తమ జీవితం బాగుందనే చెప్పారు. బయటి నుంచి చూసేవారు మాత్రం వాళ్ల బతుకు దుర్భరమనుకుంటారు. రోజూ ఆ స్థితిలో ఉన్నవాడికి జబ్బు ఇంటి గోడలాంటిది. దాన్ని తప్పించుకుని నడవడం అలవాటైపోయి, అతని ధ్యాస క్రికెట్ మీదో, ఎంసెట్ ర్యాంకు మీదో, చెల్లెలి పెళ్లి మీదో ఉంటుంది. చూడటానికి వచ్చిన చుట్టానికి ఆ గోడ ఒక్కటే కనిపిస్తుంది.

ఇంట్లో మాటలు

ఆ చుట్టం సలహాలతో వచ్చే చిక్కులు కొన్ని నిజంగా ప్రమాదకరం. రక్తం తక్కువ అనగానే బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం, బెల్లం, ఐరన్ టానిక్ గుర్తొస్తాయి. మామూలు రక్తహీనతలో అవి సరే. తలసేమియాలో ఐరన్ ఇప్పటికే పొంగి పొర్లుతుంటే పైనుంచి టానిక్ పోయడం ఉన్న బాకీకి కొత్త బాకీ కలపడమే. తిన్న పండుతో వచ్చేది ఎక్కించే రక్తంతో పోలిస్తే చాలా కొంచెం కాబట్టి దానిమ్మ గింజలకు భయపడక్కర్లేదు గానీ టానిక్, లోహ భస్మం లాంటివి వద్దు. భోజనంతో టీ తాగితే రక్తం తగ్గుతుందని మిగతావారికి చెప్పే మాట ఇక్కడ తిరగబడుతుంది. టీ ఐరన్‌ను పట్టనివ్వదు కాబట్టి వీళ్లకు మంచిదే.

ఇదే పొరపాటు తలసేమియా మైనర్ ఉన్న ఆడవాళ్ల విషయంలోనూ తరచుగా జరుగుతుంది. వాళ్లకు జబ్బు లేదు, జన్యువు మాత్రం ఉంది. హిమోగ్లోబిన్ 10, 11 దగ్గర ఉంటుంది, కణాలు చిన్నవిగా ఉంటాయి. ఐరన్ లోపమనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగుతారు, అంకె కదలదు. హిమోగ్లోబిన్‌లో ఏ2 అనే రకం ఎంత శాతం ఉందో కొలిచే హెచ్‌బీఏ2 పరీక్ష ఒక్కసారి చేస్తే తేలిపోయే సంగతి అది. 3.5 శాతం దాటితే క్యారియర్ అని అర్థం.

బడి లెక్క వేరు. మూడు వారాలకో రోజంటే ఏడాదికి పదిహేడు రోజులు. దాత రక్తం సరిపోతుందో చూసే క్రాస్‌మ్యాచింగ్ పరీక్షకు ముందు రోజు శాంపిల్ ఇవ్వడానికి వెళ్లే రోజులు అదనం. పరీక్షల నెలలో టైమ్‌టేబుల్ రాగానే మొదట చూసేది రక్తం ఎక్కించుకునే రోజు ఏ పరీక్షకు ముందు పడుతుందన్నది. లెక్కల పరీక్షకు రెండు రోజుల ముందు పడితే అదృష్టం. రక్తం ఎక్కించే డే కేర్‌లో మంచమెక్కగానే పెద్ద పిల్లలు ఎడమ చెయ్యి చాపుతారు, కుడి చేత్తో రాసుకోవచ్చని. నరం దొరకని రోజు ఆ ఏర్పాటు చెడుతుంది.

పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మాట్లాడటం మానేస్తారు. దాచిపెట్టడం ఎక్కువ. జన్యు లెక్క ఇక్కడ భయపెట్టేంత లేదు. మేజర్ ఉన్నవారు క్యారియర్ కాని వ్యక్తిని పెళ్లి చేసుకుంటే పిల్లలందరూ మైనర్లే అవుతారు, ఒక్కరికీ మేజర్ రాదు. అవతలి వ్యక్తి క్యారియర్ అయితే మాత్రం సగం అవకాశం. అంటే చూడాల్సింది అవతలివారి హెచ్‌బీఏ2 అంకె.

సికిల్ సెల్‌తో పోలిస్తే

పాడేరు, అరకు మన్యంలోనూ ఆదిలాబాద్ ప్రాంతంలోనూ గిరిజన కుటుంబాలకు ఎక్కువ తెలిసిన రక్త జబ్బు సికిల్ సెల్. కేంద్రం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో దీని నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభించింది. 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది లక్ష్యం.

రెండూ హిమోగ్లోబిన్ జబ్బులే అయినా మనసు మీద వాటి ఒత్తిడి వేరు. తలసేమియాకు క్యాలెండర్ ఉంది. కష్టం ఏ రోజు వస్తుందో తెలుసు. సికిల్ సెల్‌లో కణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే నొప్పి ఎప్పుడొస్తుందో చెప్పలేం. నీళ్లు తక్కువ తాగినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా మొదలుకావచ్చు. పొలం పనికి పోవాలా వద్దా, ఊరెళ్లాలా వద్దా అని ప్రతి నిర్ణయం వెనకా ఆ అనుమానం ఉంటుంది. పైగా నొప్పి బయటికి కనిపించదు. తలసేమియా పిల్లవాడు పాలిపోయి ఉంటే ఎవరైనా నమ్ముతారు, ఎముకల నొప్పితో మెలికలు తిరిగే కుర్రాణ్ని 'నటిస్తున్నాడు' అనేవారు ఉంటారు. రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియా ఈ నొప్పులను తగ్గిస్తుంది. మానేస్తే మర్నాడే తెలియదన్న పాత చిక్కు దానికీ ఉంది.

తేదీకి రక్తం

మనోధైర్యం గురించి ఎంత మాట్లాడినా చివరికి అది బ్లడ్ బ్యాంకు కౌంటర్ దగ్గర తేలుతుంది. తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా రోగులకు రక్తానికి ప్రాసెసింగ్ చార్జీలు తీసుకోకూడదని జాతీయ రక్త మార్పిడి మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. బదులు దాతను తెమ్మని ఒత్తిడి చేయకూడదు. కానీ నిల్వ లేనప్పుడు ఏ మార్గదర్శకం చూపించినా రక్తం రాదు. అప్పుడు తండ్రి ఫోన్ పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో బి నెగటివ్ ఎవరిదని అడుగుతుంటాడు. మూడు వారాల తర్వాత మళ్లీ.

మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. అంటే ఒక యూనిట్‌తో సరిపోయే చిన్న పిల్లవాడికి ఏడాదికి కావాల్సిన పదిహేడు యూనిట్లు ఇవ్వడానికి క్రమం తప్పని దాతలు ఐదారుగురు చాలు. పుట్టినరోజుకోసారి వచ్చే వందమంది కన్నా పిలిస్తే వచ్చే ఐదుగురు మేలని తలసేమియా కుటుంబాలు అనుకునేది అందుకే. హైదరాబాద్‌లో 1998లో కొందరు తల్లిదండ్రులు, డాక్టర్లు, దాతలు కలిసి పెట్టుకున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్ల రక్తం, డే కేర్, పరీక్షలు ఒకే కప్పు కింద ఉంటాయి. అక్కడ పక్క మంచం మీద ముప్పై ఏళ్ల మనిషి ల్యాప్‌టాప్ పెట్టుకుని రక్తం ఎక్కించుకుంటూ కనిపిస్తే, అప్పుడే జబ్బు సంగతి తెలిసిన తల్లికి ఏ ఉపన్యాసం చెప్పలేనిది అర్థమవుతుంది.

రక్తం దొరికితే సరిపోదు, అది సురక్షితంగా కూడా ఉండాలి. జీవితంలో వందల యూనిట్లు ఎక్కించుకునేవారికి హెచ్ఐవీ, హెపటైటిస్ భయం అందరికన్నా ఎక్కువ. వైరస్‌ను ముందుగానే పట్టే న్యాట్ పరీక్ష, తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్ అన్ని చోట్లా లేవు. ఉన్న చోటికి నాలుగు గంటలు బస్సెక్కి వెళ్లేవారున్నారు.

చట్టం కొంత తోడుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసేమియా, సికిల్ సెల్, హిమోఫిలియా ఉన్నాయి. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ ఉంటే ఉన్నత విద్యలో 5 శాతం సీట్ల కోటాకు అర్హులు. ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం కోటాలో మాత్రం ఈ మూడు జబ్బులకు చోటు ఇవ్వలేదు. చదువుకోమని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఉద్యోగం గుమ్మం దగ్గర వదిలేసినట్టుంది ఈ ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను అమల్లో ఉంది.

నివారణ ప్రచారం మరో సున్నితమైన చోటు. సైప్రస్‌లో ఏడుగురిలో ఒకరు క్యారియర్. 1970ల్లో మొదలైన పరీక్షల కార్యక్రమంతో అక్కడ కొత్తగా మేజర్‌తో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు వచ్చింది. ఇరాన్ 1990ల చివర్లో పెళ్లికి ముందు పరీక్షను తప్పనిసరి చేసింది. మన దగ్గర కూడా గర్భిణులకు తొలి నెలల్లోనే హెచ్‌బీఏ2 పరీక్ష చేయాలన్న వాదన బలంగా ఉంది, ఉండాలి కూడా. అయితే 'ఇలాంటి బిడ్డ పుట్టకూడదు' అన్న పోస్టర్ అతికించేది చాలాసార్లు ఆ బిడ్డలు రక్తం ఎక్కించుకునే గది గోడ మీదే. నాలుగు గంటలు దాని ఎదురుగానే పడుకోవాలి. సైప్రస్‌లో పరీక్షలతో పాటు ఉన్న రోగుల వైద్యాన్ని కూడా బలపరిచారు. కొత్త కేసులు తగ్గితే మిగిలిన రక్తం, డబ్బు ఉన్నవారికి అందుతాయన్నది అక్కడి వాదన. అదే మాట ఇక్కడ పోస్టర్ మీద రాసినా చదివే పిల్లవాడికి వేరే అర్థం వస్తుంది.

పూర్తిగా నయమయ్యే ఆశ

ఎముక మజ్జ మార్పిడితో తలసేమియా నయమవుతుంది. వెల్లూరు సీఎంసీలో 1986 నుంచే చేస్తున్నారు. తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. చిన్న వయసులో, కాలేయం పాడవకముందు చేస్తే ఫలితాలు చాలా మెరుగు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కోల్ ఇండియా నిధులతో 2017లో మొదలైన తలసేమియా బాల సేవా యోజన ద్వారా ఎంపికైన పిల్లలకు 10 లక్షల రూపాయల దాకా సాయం అందుతోంది.

జన్యు చికిత్స వార్తలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. రోగి మూలకణాలనే తీసి, పనిచేసే బీటా జన్యువును చేర్చి తిరిగి ఎక్కించే జింటెగ్లోకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. జన్యువును కత్తిరించి సవరించే క్రిస్పర్ పద్ధతిలో తయారైన క్యాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్ మొదట అనుమతి ఇచ్చింది. అమెరికాలో మొదటిదాని ధర 28 లక్షల డాలర్లు, రెండోదానిది 22 లక్షల డాలర్లు. మన రూపాయల్లో ఒక్కొక్కటి పద్దెనిమిది, ఇరవై కోట్ల పైమాటే.

ఈ వార్త ఇళ్లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. 'ఇంకో పదేళ్లలో మన దాకా వస్తుంది, అప్పటిదాకా ఒళ్లు కాపాడుకోవాలి' అనుకునేవారు గ్లాసు కలుపుకుంటారు. 'ఎలాగూ మందు వస్తోంది కదా' అనుకునేవారు మానేస్తారు. మజ్జ మార్పిడికైనా జన్యు చికిత్సకైనా ముందు బలమైన కీమో మందు ఇచ్చి పాత మజ్జను ఖాళీ చేస్తారు. ఐరన్ నిండిన కాలేయం, బలహీనపడిన గుండె ఆ మందును తట్టుకోలేవు. అందుకే ఆ వార్డులో అడుగుపెట్టగానే అడిగే కాగితాల్లో గుండె, కాలేయం ఎంఆర్ఐ రిపోర్టులు, గత కొన్నేళ్ల ఫెరిటిన్ అంకెలు ఉంటాయి.